ఆయిల్ కూలర్ హోస్‌లు: కొత్తవి కొనాలా, పాతవాటికే రబ్బరు మార్పించాలా?

ఇంజన్‌కూ, ఆయిల్‌ను చల్లబరిచే కూలర్‌కూ మధ్య ఆయిల్ మోసే గొట్టాలే ఈ హోస్‌లు. మెర్సిడెస్ 300డి లాంటి పాత డీజిల్ కారులో ఇది పగిలితే ఇంజన్ ఆయిల్ చూస్తుండగానే ఖాళీ. ఆయిల్ చెమ్మ కనిపిస్తే ఆలస్యం వద్దు.

ఖర్చు: కంపెనీ హోస్‌కు ఖరీదెక్కువ. హైడ్రాలిక్ షాపులో పాత ఇనుప కొసలకే కొత్త రబ్బరు వేయిస్తే చౌక.

శ్రమ: కొత్తది తెచ్చి బిగించడమే. రెండోదైతే షాపు పని అయ్యేదాకా బండి కదలదు.

రిస్క్: అసలు టెన్షన్ రెండింటికీ ఒకటే, కూలర్ అల్యూమినియం మర. పట్టేసిన నట్టును ఒక్క స్పానర్‌తో బలవంతంగా తిప్పితే మర ఊడొస్తుంది, కూలరే మార్చాల్సి వస్తుంది. ముందురోజే తుప్పు వదిలించే నూనె కొట్టి, రెండో స్పానర్‌తో కూలర్ వైపు కదలకుండా పట్టుకోండి. షాపువాడు వేడి ఆయిల్‌కు తట్టుకునే రబ్బరే వాడాలి, మెషీన్ మీద క్రింప్ చేయాలి, అంటే ఇనుప కొసను రబ్బరు మీద గట్టిగా నొక్కి బిగించాలి. క్లిప్పు వేసిస్తానంటే వద్దనండి.

రోజూ దూరం తిరిగే కారైతే కొత్తవే. విడిభాగం దొరక్కపోతే, పాత కొసలు తుప్పు పట్టకుండా ఉంటే, షాపు హోస్ చాలు.