కిటికీ తెరుచుకునే గది: బీచ్ రోడ్డులో ఓ పాత హోటల్

అమ్మని చెకప్‌కి విశాఖ కేజీహెచ్ ఆసుపత్రికి తీసుకొచ్చినప్పుడల్లా ఆర్కే బీచ్ దగ్గర ఒకే పాత హోటల్లో దిగుతున్నాం. గదుల సైజు, టిఫిను, లిఫ్టు అన్నీ ఆ అద్దెకి ఎవరైనా ఊహించుకోగలిగినట్టే ఉంటాయి. నేను అక్కడికి వెళ్ళేది కిటికీ కోసం. కొత్త హోటళ్ళలో నిలువెత్తు అద్దం బిగించేస్తున్నారు, సముద్రం కనిపిస్తుందే గాని వినిపించదు. ఇక్కడ టేకు రెక్కలు, ఇత్తడి గడియ. తోస్తే చాలు, కెరటాల హోరు మంచం దాకా వస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు అద్దాలన్నీ పగిలినా రెక్కలు మాత్రం నిలిచాయని వాచ్‌మన్ ఇప్పటికీ గొప్పగా చెబుతాడు.

మొన్న మే నెలలో మాత్రం చాలా ఇబ్బంది పడ్డాం. రాత్రి పదకొండింటికి ఏసీ ఆగిపోయింది. వేరే గది ఖాళీ లేదన్నారు. ఎలక్ట్రీషియన్ వచ్చి, గోడకి బిగించిన అవుట్‌డోర్ యూనిట్ మీద టార్చి వేసి చూపించాడు. వేలు తగిలితే చాలు, అల్యూమినియం రేకులు తెల్లటి పొడై రాలిపోతున్నాయి. "ఉప్పుగాలి తినేసిందండి, కాయిల్ చిల్లడిపోయి గ్యాస్ అంతా పోనాది. ఈ రాత్రికి అవ్వదండి" అన్నాడు. సముద్రం ఒడ్డున ఏసీకి ఉప్పు పట్టడం కొత్తేం కాదు. అప్పుడప్పుడు మంచినీళ్ళతో కడిగినా కొన్నాళ్ళు ఎక్కువ వస్తుంది. ఆ యూనిట్‌ని కడిగిన ఆనవాలే లేదు.

కిటికీ బార్లా తీసి, గది తలుపు మూసుకోకుండా కుర్చీ అడ్డం పెట్టాం. గాలి ఈ చివర నుంచి ఆ చివరకి కొట్టింది. అమ్మ హాయిగా నిద్రపోయింది. అర్ధరాత్రి దాటాక ఆ గాలి పడిపోయింది. సముద్రం మీంచి వచ్చే గాలి తెల్లవార్లూ ఉండదు, రాత్రి ముదిరితే నేల వైపు నుంచి మళ్ళుతుంది. ఒకటే ఉక్కపోత. దోమతెర లేదు. స్కాన్ రిపోర్టుల కవరుతో అమ్మకి విసురుతూ కూర్చున్నాను. రెండింటికి రూమ్ బాయ్ తలుపు దగ్గరికొచ్చి, "అమ్మగారికి పెట్టండి" అని టేబుల్ ఫ్యాన్ ఇచ్చి వెళ్ళాడు. అది వాళ్ళు పడుకునే గదిలోదని పొద్దున్న తెలిసింది. కౌంటర్‌లో మాత్రం ఏసీ గది అద్దె పైసా తగ్గించలేదు. అడిగితే రేట్ల బోర్డు చూపించారు. ఆ కోపం నాకింకా పోలేదు.

ఇదివరకు ఎవరడిగినా ఈ హోటల్ పేరే చెప్పేవాణ్ణి. ఇప్పుడు కాస్త ఆలోచించి చెబుతున్నాను. ఫిషింగ్ హార్బర్ వైపు నుంచి గాలి తిరిగిన రోజు చేపల వాసన గదిలోకి వస్తుంది. ఉతికిన తువ్వాలు మర్నాటికి కూడా చెమ్మగానే ఉంటుంది. పొద్దున్నే బీచ్ రోడ్డులో నడకకొచ్చేవాళ్ళ కోసం బళ్ళు ఆపేస్తారు కాబట్టి, తెల్లవారుజామున రైలుంటే సామాను మోసుకుని వెనక సందులోకి వెళ్ళి ఆటో ఎక్కాలి.

మాకు ఆసుపత్రి దగ్గర, అమ్మకి కెరటాల చప్పుడు వింటేనే నిద్ర, కాబట్టి మళ్ళీ అక్కడే దిగుతాం, చలికాలమైతే ఆలోచించకుండా. ఎండాకాలంలో చంటిపిల్లలతో వచ్చేవాళ్ళకి చెప్పను. వెళ్ళక తప్పదంటే, డబ్బు కట్టకముందే గదిలో ఓ అరగంట ఏసీ వేయించి చూసుకోండి, దోమల మందు మీరే తెచ్చుకోండి.