బేరింగ్ ఒక్కటి చాలా, హబ్ కూడా మార్చాలా?

ముందు చక్రం దగ్గర గుయ్యిమని మోత మొదలై, వేగంతో పాటు పెరుగుతుంటే మెకానిక్ అడిగే ప్రశ్న ఒకటే: "బేరింగ్ ఒక్కటే వేద్దామా సార్, హబ్ కూడా మార్చేద్దామా?" బేరింగ్ మధ్యలో తిరుగుతూ చక్రాన్ని మోసే భాగమే హబ్. ధర విని చాలామంది బేరింగ్ చాలంటారు. నేనూ అదే అన్నాను. నాలుగు నెలలు తిరక్కుండా మోత మళ్లీ వచ్చింది. విప్పించి చూస్తే లోపలి రేస్ (బాల్స్ దొర్లే ఉక్కు రింగు) మీద బాల్స్ కూర్చునే చోటల్లా చిన్న చిన్న సొట్టలు, గోరుతో తడిమితే తగులుతున్నాయి. కంపెనీ బేరింగే, కొత్తదే. సుత్తితో కొట్టి ఎక్కించారు, అంతే.

అసలు మీ కారుకు ఈ రెండు దారులూ ఉన్నాయో లేదో ముందు తెలుసుకోండి. కొన్ని కార్లలో బేరింగ్, హబ్ కలిసి ఒకే యూనిట్‌గా వస్తాయి, నకిల్‌కు (చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే ఇనుప భాగానికి) మూడు నాలుగు బోల్టులతో బిగుస్తాయి. అక్కడ ఆలోచించడానికేమీ లేదు, యూనిట్ మొత్తం మార్చాల్సిందే. ఖర్చు ఎక్కువే, కానీ ప్రెస్ (బేరింగ్‌ను నొక్కి దించే యంత్రం) అక్కర్లేదు, పని చెడగొట్టే అవకాశం తక్కువ. మన చిన్న కార్లలో చాలావాటికి మాత్రం ముందు బేరింగ్ నకిల్ లోపల బిగుతుగా కూర్చుంటుంది, దాని మధ్యలోకి హబ్ దిగుతుంది. చిక్కంతా వీటితోనే.

బేరింగ్‌ను నకిల్‌లోకి దించేటప్పుడు బలం బయటి రేస్ మీదే పడాలి. హబ్‌ను దించేటప్పుడు లోపలి రేస్‌కు కింద నుంచి ఆసరా ఉండాలి. ఇది తప్పితే ఆ బలమంతా బాల్స్ గుండా వెళ్లి, కారు రోడ్డెక్కకముందే రేస్‌కు సొట్టలు పడతాయి. అందుకే హైడ్రాలిక్ ప్రెస్ లేని షెడ్డులో బేరింగ్ ఒక్కటే వేయించుకోవద్దని గట్టిగా చెబుతాను. మీ ఊళ్లో ప్రెస్ లేకపోతే నకిల్ విప్పించి, విజయవాడ ఆటోనగర్ లాంటి చోటికి పట్టుకెళ్లి ఎక్కించుకురండి. ఒక రోజు పోతుంది, పోనివ్వండి. బిగించాక వీల్ అలైన్‌మెంట్ చూపించుకోవాలి.

ఇక హబ్ మార్చాలా వద్దా అన్నది విప్పాకే తేలుతుంది. పాత హబ్‌ను లాగినప్పుడు లోపలి రేస్ సగం దాని మెడకే అంటుకుని వచ్చేస్తుంది. దాన్ని గ్రైండర్‌తో కోసి, ఉలితో పగలగొట్టి తీస్తారు. చెయ్యి కాస్త జారినా మెడ మీద గాటు పడుతుంది. ఆ పని అయ్యాక హబ్‌ను మీరే చేతిలోకి తీసుకుని, గుడ్డతో తుడిచి, వేలితో చుట్టూ తడమండి. నున్నగా ఉంటే బేరింగ్ ఒక్కటి చాలు, హబ్‌కు డబ్బు పెట్టడం వృథా. గాటు తగిలినా, వేడికి నీలం రంగు తిరిగినా, కొత్త బేరింగ్ ప్రెస్ లేకుండా చేత్తోనే దిగిపోతున్నా హబ్ మార్చాల్సిందే. ఆ హబ్ మీద ఎంత ఖరీదైన బేరింగ్ వేసినా నిలవదు.

రెండు వైపులా ఒకేసారి మార్చమంటారు కొందరు. అక్కర్లేదు, మోత ఉన్న వైపు చాలు. ఎడమకు తిప్పినప్పుడు మోత పెరిగితే సాధారణంగా కుడి చక్రం మీద అనుమానం, ఎందుకంటే బరువు అటు ఒరుగుతుంది. జాకీ వేసి చక్రాన్ని తిప్పుతూ, తిరిగే భాగాల్లో చెయ్యి పడకుండా కాయిల్ స్ప్రింగ్ మీద వేళ్లు ఆనిస్తే గరగర తెలిసిపోతుంది. టైర్లు గతుకులుగా అరిగినా ఇలాగే మోగుతాయి కాబట్టి ముందు టైర్లు వెనక్కి, వెనక టైర్లు ముందుకు వేసి ఒకసారి నడిపి చూడండి.

గ్రీజు పట్టిస్తే సరిపోతుందన్న మాట లారీలకు, టేపర్ రోలర్ బేరింగ్‌లున్న (బాల్స్ బదులు ఒక వైపు సన్నబడే రోలర్లు ఉండేవి) పాత బండ్లకు నిజం. అక్కడ రోలర్లు, రేస్‌లు పాడవకపోతే కడిగి, గ్రీజు నింపి, వదులు సరిచేస్తే మళ్లీ నడుస్తుంది. ఇప్పటి కార్ల బేరింగ్‌లు సీలు వేసి వస్తాయి. సీలు ఊడదీసి గ్రీజు కూరితే దుమ్ము, నీళ్లు పోవడానికి దారి ఇచ్చినట్టే.

బ్రాండ్ గురించి ఎక్కువ టెన్షన్ వద్దు. ఎస్‌కెఎఫ్, ఎన్‌టిఎన్, మన జైపూర్ ఎన్‌బిసి, ఏదైనా మంచిదే, నకిలీ కాకపోతే చాలు. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కారైతే బేరింగ్ ఒక వైపు సీలులోనే అయస్కాంతపు రింగు ఉండవచ్చు. ఆ వైపు సెన్సర్‌కు ఎదురుగా రావాలి. తిరగేసి ఎక్కిస్తే డాష్‌బోర్డు మీద ఏబీఎస్ లైటు వెలుగుతుంది, మళ్లీ విప్పితే ఆ కొత్త బేరింగ్ పారేయాల్సిందే.

చివర్లో యాక్సిల్ నట్, అంటే యాక్సిల్ చివర హబ్‌ను బిగించే పెద్ద నట్. పాతది వాడనివ్వకండి, కొత్తది వేయించి, మాన్యువల్‌లో ఉన్న లెక్కకు టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచే పానాతో) బిగించమనండి. అది బిగించే దాకా కారు బరువు చక్రం మీద పడకూడదు. షెడ్డులోంచి పది అడుగులు తోద్దామన్నా సరే, ఆపండి. లోపలి రేస్‌ను పట్టి ఉంచేది ఆ నట్ బిగువే.