బరంపురం తెలుగు పుస్తకాల షాపు, కవిత్వం అర కోసమైనా వెళ్ళండి

కొత్తవీ పాతవీ రెండూ దొరుకుతాయి, షాపు చిన్నదే కానీ కవిత్వం అర మాత్రం సూపర్ అండి. ఎదురుతిరిగిన కవులందర్నీ ఒకేచోట పెట్టారు. దిగంబర కవుల సంపుటాలు ఉన్నాయి, 1965లో మొదటిదాన్ని హైదరాబాద్‌లో నాంపల్లి పండు అనే రిక్షా కార్మికుడితో ఆవిష్కరింపజేశారు కదా, ఈ దేశం ఎవరిదో ఆ ఒక్క పనితోనే చెప్పేశారనిపిస్తుంది నాకు. చెరబండరాజు కూడా ఉన్నాడు, దేశమాతనే నిలదీసి అడిగినోడు. పక్కనే జాషువా గబ్బిలం, గుడిలోకి రానివ్వని మనిషి తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు, అది 1941 నాటిది, ఇప్పుడు చదివినా గొంతు పట్టేస్తుంది.

మన గంజాం జిల్లా (బరంపురం ఉన్న జిల్లా) వాళ్ళకి ఇవి ఇంకా గట్టిగా తగుల్తాయి. 1936లో ఒడిశా వేరే ప్రావిన్స్ అయినప్పుడు మనం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటొచ్చాం, ఇంట్లో తెలుగు బజార్లో ఒడియా, ఎక్కడికెళ్ళినా మీరు ఆంధ్రావాళ్ళా ఒడిశావాళ్ళా అని అడుగుతూనే ఉంటారు, దేశమంటే మనుషులు అని గురజాడ ఎప్పుడో చెప్పింది ఇక్కడ కూర్చుని చదివితే వేరేలా అర్థమవుతుంది.

ధరలు పర్లేదు, పాతవాటికి తగ్గిస్తారు. లైటింగ్ బాలేదు, వెనక అరల్లో అట్టలు కనపడవు. ఒడియా విప్లవ కవి రబి సింగ్ పుస్తకాలు కూడా తెప్పించమని అడిగాను, పక్కపక్కన పెడితే రెండు భాషల పిల్లలూ చూస్తారు. ఆదివారం తీస్తారో లేదో ఫోన్ చేసుకుని వెళ్ళండి.