ఫుల్ సస్పెన్షన్ మౌంటెన్ బైక్‌కు కార్బన్ ఫ్రేమా, అల్యూమినియం ఫ్రేమా: ఏది మేలు?

విడి ఫ్రేమ్ కొని, మిగిలిన భాగాలు ఒక్కొక్కటిగా సమకూర్చుకుని, ఫుల్ సస్పెన్షన్ సైకిల్‌ను, అంటే ముందూ వెనకా కుదుపులు మింగే ఏర్పాటు ఉన్నదాన్ని, ఇంట్లోనే బిగించుకోవాలనుకునేవారు సాధారణంగా మొదట అడిగేది ఈ ప్రశ్నే. నా దృష్టిలో ఇది రెండో ప్రశ్న. ఈ తరహా సైకిల్‌లో ముందుగా అరిగేవి ఫ్రేమ్ గొట్టాలు కావు, వెనక భాగం ఊగడానికి వీలిచ్చే కీళ్లు (పివట్లు). ఆ కీళ్ల దగ్గర పనితనం ఎలా ఉందో, వాటిని విప్పి బిగించడం ఎంత సులువో చూసుకున్నాకే కార్బన్ (పోగుల పొరలను ఎపాక్సీ జిగురుతో గట్టిపరచి చేసేది), అల్యూమినియం అన్న విచారణకు అర్థం ఉంటుంది.

బరువు సంగతి త్వరగానే తేలిపోతుంది. వెనక సస్పెన్షన్ లేని సైకిల్‌లో ఫ్రేమ్ అంటే దాదాపుగా గొట్టాలే కాబట్టి కార్బన్ వల్ల కలిగే తేలికదనం పూర్తిగా దక్కుతుంది. ఫుల్ సస్పెన్షన్‌లో మాత్రం వెనక కుదుపులు మింగే షాక్, బేరింగులు, ఇరుసులు, బోల్టులు ఏ ఫ్రేమ్‌లోనైనా లోహమే. అందువల్ల ఒకే మోడల్ రెండు రకాల్లో దొరికినప్పుడు తేడా చాలావరకు అర కిలో నుంచి కిలో మధ్య ఉంటుంది. పద్నాలుగు, పదిహేను కిలోల సైకిల్‌కు అదేమంత పెద్ద లెక్క కాదు. మౌంటెన్ బైకులు చేసే శాంటా క్రూజ్ సంస్థ తన కార్బన్‌లోనే సీ, సీసీ అని రెండు తరగతులు అమ్ముతూ, బలంలో రెండూ ఒకటేననీ సీసీ సుమారు పావుకిలో తేలికనీ చెబుతుంది. ఆ పావుకిలో కోసం పెట్టే సొమ్ముతో మంచి బ్రేకులు వస్తాయి. పోటీల్లో పాల్గొనేవారి మాట వేరు.

బిగింపు దగ్గర కార్బన్ క్రమశిక్షణ కోరుతుంది. సీటు కింది కడ్డీని (సీట్‌పోస్ట్) పట్టి ఉంచే క్లాంప్‌కు చాలా ఫ్రేముల మీద 5 లేదా 6 న్యూటన్ మీటర్లని (బిగింపు బలం కొలత) రాసి ఉంటుంది; చేతి అంచనాతో అంతకు మించి బిగిస్తే అల్యూమినియం కొంతవరకు ఓర్చుకుంటుంది, కార్బన్ గొట్టం నొక్కుకుపోయి పగులుతుంది. కనుక బిగింపును కొలిచి చూపే టార్క్ రెంచ్ ధరను ఫ్రేమ్ ధరలోనే కలిపి చూసుకోవాలి. సీట్‌పోస్ట్‌కు మామూలు గ్రీజు కాక, సన్నని రేణువులు కలిసిన కార్బన్ పేస్ట్ రాస్తే తక్కువ బిగింపుతోనే జారకుండా పట్టుకుంటుంది. స్టాండు మీద పెట్టేటప్పుడు పట్టు సీట్‌పోస్ట్‌కే ఇవ్వాలి, ఫ్రేమ్ గొట్టానికి కాదు. ఇంత జాగ్రత్త చెప్పాక, కార్బన్‌కు దక్కవలసిన మంచిమాట కూడా చెప్పాలి. మంచి కార్బన్ ఫ్రేముల్లో కేబుళ్ల కోసం లోపలే సన్నని గొట్టాలు అచ్చుపోసి ఉంటాయి, ఒక చివర తోస్తే రెండో చివర బయటికి వస్తుంది. చాలా అల్యూమినియం ఫ్రేముల్లో ఆ వసతి లేక, లోపల ఎక్కడో తప్పిపోయిన బ్రేక్ గొట్టాన్ని అయస్కాంతంతో వెతుక్కోవలసి వస్తుంది. ఇక హ్యాండిల్ తిరిగే చోటి బేరింగుల (హెడ్‌సెట్) గుండా కేబుళ్లు పోయే ఫ్రేమ్ ఏ పదార్థంతో చేసినదైనా నేను వద్దనే అంటాను. పై బేరింగ్ మార్చాలంటే బ్రేక్ గొట్టాన్ని విప్పి, మళ్లీ నూనె నింపి గాలి తీయవలసి రావచ్చు.

ఇప్పుడు కీళ్ల దగ్గరికి వద్దాం. పివట్ బేరింగ్ చక్రంలోని బేరింగ్‌లా గుండ్రంగా తిరగదు. కొద్ది డిగ్రీలు అటూ ఇటూ ఊగుతుంది, అంతే. దానివల్ల గుండ్లు ఒకేచోట ఒత్తుతూ గాడిలో గుంటలు చేస్తాయి. వానాకాలపు బురద, ప్రెషర్ వాషర్ నీళ్లు సీలు దాటి లోపలికి చేరితే ఆ పని మరింత త్వరగా జరుగుతుంది. షాక్ బోల్టు ఒకటి తీసి వెనక భాగాన్ని చేత్తో ఎత్తి దించి చూడండి. గరగరలాడినా, మధ్యలో ఆగినా బేరింగ్ అయిపోయినట్టే. ఇవి చాలావరకు ప్రామాణిక సైజులే. 6902 అని ఉంటే లోపలి వ్యాసం 15, బయటి వ్యాసం 28, మందం 7 మిల్లీమీటర్లు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోని బేరింగ్ దుకాణాల్లో ఆ నంబరు చెప్పి అడగవచ్చు, రెండు వైపులా రబ్బరు సీలు ఉన్నదే తీసుకోవాలి. పాతదాన్ని సుత్తితో కొట్టి తీయడం రెండు ఫ్రేములకూ మంచిది కాదు. అయితే కార్బన్‌లో నష్టం పెద్దది. చాలా ఫ్రేముల్లో బేరింగ్ కూర్చునేది కార్బన్‌లో అతికించిన అల్యూమినియం తొడుగులో. వంకరగా కొడితే ఆ అతుకు వదులుతుంది, అప్పుడు రెండు వందల రూపాయల వస్తువు కోసం ఫ్రేమ్‌కే ఎసరు వస్తుంది. బేరింగ్‌ను నిటారుగా నొక్కే బేరింగ్ ప్రెస్ వాడితే ఈ భయం లేదు.

దెబ్బ తగిలినప్పుడు రెండింటి స్వభావమూ బయటపడుతుంది. అల్యూమినియం సొట్టపోతుంది, లేదా వెల్డింగ్ పక్కన పగులు చూపిస్తుంది. పగులును వెల్డింగ్ చేయించవచ్చు కదా అంటే, 6061 టీ6 వంటి అల్యూమినియం మిశ్రమం వెల్డింగ్ వేడికి గట్టిదనం కోల్పోతుంది కాబట్టి ఫ్రేమ్ మొత్తానికి మళ్లీ ఉష్ణ సంస్కారం చేయాలి. అంత శ్రమ ఎవరూ పడరు, ఆ భాగాన్ని మార్చేస్తారు. కార్బన్ ఇందుకు విరుద్ధం. రాయి తగిలిన చోట పైన పెయింటు మాత్రమే లేచి, లోపల పొరలు విడిపోయి ఉండవచ్చు. నాణెంతో తట్టుకుంటూ పోతే గట్టి చోట ఖణేల్‌మంటుంది, పొరలు విడిన చోట మొద్దుగా పలుకుతుంది. గొట్టం మందం మారినా శబ్దం మారుతుంది కాబట్టి ఎదుటి వైపు అదే చోట కూడా తట్టి పోల్చాలి. అనుమానం మిగిలితే అల్ట్రాసౌండ్ పరీక్షే దారి. అయితే దెబ్బతిన్న చోటును ఏటవాలుగా అరగదీసి, కొత్త పోగుల పొరలు ఎపాక్సీతో వేసి గట్టిపరిస్తే కార్బన్ మళ్లీ నిలుస్తుంది. నిపుణుడు అందుబాటులో ఉన్నవారికి ఇది పెద్ద లాభం, లేనివారికి మాట వరసే.

కాబట్టి అనంతగిరి గుట్టల్లో వారాంతాల్లో తొక్కుతూ, మరమ్మతులన్నీ తామే చేసుకునేవారికి, ఏటా ఒక వానాకాలం బురద భరించవలసిన సైకిల్‌కు, అల్యూమినియం ఫ్రేమ్ కొని మిగిలిన డబ్బు షాక్ మీద, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్క్ మీద పెట్టమంటాను. అమెరికాలో ఉండి, తయారీదారు వారంటీ, కార్బన్ మరమ్మతు చేసే దుకాణం దగ్గర్లో ఉన్నవారు కార్బన్ తీసుకోవడానికి సంకోచించనక్కరలేదు. రెండు చోట్లా పాత కార్బన్ ఫ్రేమ్ కొనేవారికి మాత్రం వేరే మాట: వారంటీ సాధారణంగా మొదటి యజమానితోనే ముగుస్తుంది. అందుకని ఫ్రేమ్ కింది గొట్టం (డౌన్‌ట్యూబ్) అడుగున అతికించిన రక్షణ పొరను, చెయిన్ పడి కోసుకునే చెయిన్‌స్టే (పెడల్ దగ్గర్నుంచి వెనక చక్రానికి పోయే గొట్టం) లోపలి వైపును చూడనివ్వని అమ్మకందారు దగ్గర, ధర ఎంత తక్కువైనా, బేరం ఆడవద్దు.