జాగ్రత్త: మోడల్ పేరు ఒకటే, లోపల స్క్రీన్ వేరే

ఫొటోలు ఎడిట్ చేసుకోవడానికి, సినిమాలు చూసుకోవడానికి బ్యాగులో పట్టే చిన్న ల్యాప్‌టాప్ కోసం వెతుకుతున్నారా? డబ్బు కట్టేముందు ఇది ఒకసారి చదవండి. యాభై నుంచి డెబ్బై వేల బడ్జెట్ అనుకునేవాళ్ళు మరీ ముఖ్యంగా. మంచి స్క్రీన్లు, నాసిరకం స్క్రీన్లు కలగలిసి ఉండేది ఈ ధరలోనే.

మా వాళ్ళ ఇళ్ళల్లో ఫంక్షన్ల ఫొటోలు తీసేది నేనే. ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉంది కానీ ఊరెళ్ళినప్పుడు పనికిరాదు కదా. అందుకే 14 అంగుళాల ల్యాప్‌టాప్ చూశాను. హైదరాబాద్‌లో ఒక షాపు వాళ్ళను వాట్సాప్‌లో ముందే అడిగాను: "స్క్రీన్ 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ ఉండాలి. ఫొటో ఎడిటింగ్ కోసం. అది ఉంటేనే వస్తాను." (ఎస్‌ఆర్‌జీబీ అంటే ఫొటోల రంగులకు ఒక ప్రమాణం, కింద వివరంగా చెబుతాను.) "ఉంది మేడమ్, ఇదే మోడల్, రివ్యూ చూడండి" అని ఒక వీడియో లింక్ కూడా పంపారు. ఆ రివ్యూలో స్క్రీన్ నిజంగానే బాగుంది. వెళ్ళి కొన్నాను.

ఇంటికి తెచ్చి మా వదిన సీమంతం ఫొటోలు తెరిచాను. ఆమె కట్టుకున్నది మెరూన్ రంగు గద్వాల చీర. స్క్రీన్ మీద అది వెలిసిపోయిన ఇటుక రంగులో ఉంది. జరీ అంచు బూడిద కలిసిన పసుపులా, నుదుటి కుంకుమ ఎండిపోయినట్టు కనబడుతున్నాయి. అదే ఫొటో ఫోన్‌లో తెరిచి పక్కన పెడితే చీర చీరలా ఉంది. స్క్రీన్ కొంచెం వెనక్కి వంచితే నలుపు జుట్టు కూడా తెల్లబారుతోంది.

అనుమానం వచ్చి హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి చూశాను. మానిటర్ అనే చోట లోపలి ప్యానెల్ (బొమ్మ చూపించే తెర భాగం) కోడ్ చూపిస్తుంది. ఆ కోడ్ నెట్‌లో వెతికితే అసలు సంగతి బయటపడింది: రంగులు 45 శాతం ఎన్‌టీఎస్‌సీ, వెలుతురు 250 నిట్స్. రివ్యూలో చూపించిన ల్యాప్‌టాప్‌లో ఉన్నది వేరే ప్యానెల్. పేరు ఒకటే, మూత మీద లోగో ఒకటే, ప్రాసెసర్ కూడా ఒకటే.

ఈ లెక్క తెలుసుకోవడం చాలా అవసరం, ఎందుకంటే షాపుల్లో దీన్ని కలిపేసి చెబుతారు. ఎస్‌ఆర్‌జీబీ అంటే 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ప్రతిపాదించిన రంగుల ప్రమాణం. నెట్‌లో, ఫోన్లలో మనం పంచుకునే ఫొటోలు చాలావరకు దాని ప్రకారమే ఉంటాయి. ఎన్‌టీఎస్‌సీ అనేది 1953 నాటి అమెరికా కలర్ టీవీ ప్రమాణం, పరిధిలో ఇంకా పెద్దది. 72 శాతం ఎన్‌టీఎస్‌సీ అంటే దాదాపు 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అంటే ఎస్‌ఆర్‌జీబీలో మూడింట రెండు వంతులు కూడా రాదు. ఎక్కువ దెబ్బ తినేవి ఎరుపులు, గాఢమైన రంగులు. మన పెళ్ళి ఫొటోల్లో ఉండేవే అవి: పట్టుచీరలు, పసుపు, కుంకుమ, బంతిపూలు.

సినిమా చూడటానికైతే ఎలాగో సర్దుకుపోవచ్చు. ఎడిటింగ్‌కు మాత్రం ఇది పెద్ద నష్టం. స్క్రీన్ ఎరుపును తక్కువ చేసి చూపిస్తుంది కాబట్టి, ఎడిట్ చేసేవాళ్ళు సరిపోలేదనుకుని రంగు పెంచుతారు. ఆ ఫైల్ ఆల్బమ్ ల్యాబ్‌కు వెళ్ళి ప్రింట్ అయితే ముఖాలన్నీ నారింజ రంగులో వస్తాయి. కాలిబ్రేటర్ (స్క్రీన్ రంగులు కొలిచి సరిచేసే పరికరం) కొని స్క్రీన్ సరిచేసుకోవచ్చని కొందరు చెబుతారు. ఉన్న రంగులను అది సరైన చోటికి తెస్తుంది, నిజమే. కానీ ప్యానెల్ చూపించలేని ఎరుపును ఏ పరికరమూ పుట్టించలేదు. మూడు, నాలుగు వందల ఫొటోలు కూర్చుని దిద్దాక ఈ విషయం తెలిస్తే ఎంత బాధగా ఉంటుందో ఆలోచించండి.

షాపు వాళ్ళను అడిగితే "మోడల్ అదే మేడమ్, కంపెనీ వాళ్ళే స్క్రీన్ మారుస్తుంటారు, మాకేం తెలుసు" అన్నారు. ఒకే పేరు కింద రెండు మూడు రకాల ప్యానెళ్ళతో ల్యాప్‌టాప్‌లు రావడం నిజమే. కానీ అడుగున స్టిక్కర్ మీదా, డబ్బా మీదా పూర్తి ప్రొడక్ట్ కోడ్ ఉంటుంది. ఆ కోడ్‌ను కంపెనీ వెబ్‌సైట్‌లో వెతికితే చాలాసార్లు స్క్రీన్ వివరం దొరుకుతుంది. అమ్మేవాళ్ళకు అది చూడటం రెండు నిమిషాల పని. చూడకుండానే "100 శాతం ఉంది" అని రాసి పంపడం నాకు తప్పుగానే అనిపిస్తుంది, ఎవరేమనుకున్నా.

కాబట్టి మోడల్ పేరు అడగకండి, పూర్తి కోడ్ అడగండి. వివరాల్లో "ఫుల్ హెచ్‌డీ, ఐపీఎస్, యాంటీ గ్లేర్" అని ఉండి రంగుల సంగతి ఎక్కడా లేకపోతే అది 45 శాతం రకమే అనుకుని ముందుకు వెళ్ళండి. మంచి ప్యానెల్ పెట్టిన కంపెనీ ఆ మాట దాచుకోదు. షాపుకు వెళ్ళేటప్పుడు మీకు బాగా తెలిసిన ఎర్ర చీర ఫొటో ఒకటి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళండి. ఫోన్ డిస్‌ప్లేను "నేచురల్" మోడ్‌లో పెట్టి రెండూ పక్కపక్కన చూడండి. "వివిడ్"లో పెడితే ఫోన్ రంగులు ఎక్కువ చేసి చూపిస్తుంది, అప్పుడు ఆ పోలిక పనికిరాదు. డిస్‌ప్లేలో పెట్టిన పీస్ చూపించి సీల్డ్ డబ్బా ఇస్తే, రెండింటి కోడ్ ఒకటేనా అని అక్షరం అక్షరం చూసుకోండి.

ర్యామ్ విషయంలో కూడా ఒక మెలిక ఉంది. ఇంటెల్ 11 నుంచి 13వ తరం వరకు చాలా పోర్టబుల్ ల్యాప్‌టాప్‌లకు "ఐరిస్ ఎక్స్‌ఈ గ్రాఫిక్స్" (ప్రాసెసర్‌లోనే ఉండే బొమ్మలు చూపించే భాగం) అని ప్రచారం చేస్తారు. ర్యామ్ ఒకే స్టిక్‌గా ఉండి సింగిల్ చానెల్‌లో (డేటాకు ఒకే దారి) నడుస్తుంటే విండోస్ ఆ గ్రాఫిక్స్‌ను "యూహెచ్‌డీ గ్రాఫిక్స్" అనే చూపిస్తుంది, వేగమూ తగ్గుతుంది. డివైస్ మేనేజర్ తెరిస్తే ఏ పేరు ఉందో తెలిసిపోతుంది. ఫొటోలు ఎడిట్ చేసే లైట్‌రూమ్ ప్రోగ్రామ్‌కు కనీసం 8 జీబీ చాలని అడోబ్ చెప్పినా, వాళ్ళు సిఫారసు చేసేది 16. ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటే తర్వాత పెంచుకోలేరు, అదీ ముందే అడగండి. బరువు చెప్పేటప్పుడు చార్జర్ కలపరు. టైప్ సీ పోర్టు ఉన్నంత మాత్రాన దాంతో చార్జింగ్ అవుతుందని, బయటి మానిటర్ పనిచేస్తుందని అనుకోవద్దు.

ఇప్పటికే ఇలా ఇరుక్కున్నవాళ్ళు ఊరుకోకండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో "లోపం" అంటే పాడైన వస్తువు ఒక్కటే కాదు. అమ్మినవాళ్ళు ఏ రూపంలోనైనా చెప్పుకున్న నాణ్యత లేకపోయినా లోపమే. వాట్సాప్‌లో ఇచ్చిన హామీ అందుకే పనికొస్తుంది, ఆ చాట్ డిలీట్ చేయకండి. బిల్లులో గడువు ఏదీ రాసి లేకపోతే 30 రోజుల్లోపు లోపమున్న సరుకు వాపసు తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని అదే చట్టం చెబుతోంది. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అనే బోర్డు చూసి భయపడొద్దు.

ముందు 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. వస్తువు ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. మీరు ఉంటున్న జిల్లాలోనే కేసు వేయవచ్చు, కొన్నది హైదరాబాద్‌లోనైనా, ఆన్‌లైన్‌లోనైనా.

నా ఫిర్యాదు నమోదైంది. వాట్సాప్ స్క్రీన్‌షాట్లు, ప్యానెల్ కోడ్ కనబడే ఫొటో, జీఎస్టీ బిల్లు జత చేశాను. ఆ తర్వాత షాపు నుంచి ఫోన్ వచ్చింది, ఇంకో పదకొండు వేలు కడితే మంచి స్క్రీన్ ఉన్నది ఇస్తామని. ఒప్పుకోలేదు. పూర్తి డబ్బు వెనక్కి అడిగాను, వాళ్ళ జవాబు రాతపూర్వకంగా ఇమ్మన్నాను. మీలో ఎవరికైనా ఇలాగే జరిగి ఉంటే ప్రొడక్ట్ కోడ్, ప్యానెల్ కోడ్ రెండూ ఇక్కడ రాయండి. కొనబోయేవాళ్ళు ఆ కోడ్‌తోనే వెతుక్కుంటారు.