సీఆర్పీనా, ఈక్విప్పా? అమెరికా రైతు ఏది ఎంచుకోవాలి

గాలికి మట్టి లేచిపోయే పశ్చిమ కాన్సాస్ లాంటి చోట ఈ ప్రశ్న తరచూ వస్తుంది. 1985 చట్టంతో వచ్చిన ప్రభుత్వ పథకం సీఆర్పీ (కన్జర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రామ్), సాగు ఆపి గడ్డి పెంచినందుకు ఏటా కౌలు ఇస్తుంది. 1996లో వచ్చిన మరో పథకం ఈక్విప్ (ఎన్విరాన్‌మెంటల్ క్వాలిటీ ఇన్సెంటివ్స్ ప్రోగ్రామ్), సాగు చేస్తూనే నేలను, నీటిని కాపాడే పనుల ఖర్చులో వాటా భరిస్తుంది.

డబ్బు: సీఆర్పీ కౌలు నేల రకాన్ని, కౌంటీ (మన జిల్లా లాంటిది) రేటును బట్టి ఉంటుంది. గడ్డి వేసే ఖర్చులో సగం దాకా ఇస్తారు. ఈక్విప్‌లో 75 శాతం దాకా, కొత్త రైతులకు 90 దాకా వస్తుంది. కానీ మామూలుగా పని పూర్తయ్యాకే చేతికందుతుంది.

శ్రమ: సీఆర్పీలో గడ్డి నిలదొక్కుకుంటే చాలావరకు కలుపు చూసుకోవడమే. ఈక్విప్‌లో పని మీదే. ఒప్పందం కాకముందే కంచె స్తంభాలు పాతేస్తే దానికి సాయం రాదు, జాగ్రత్త.

రిస్క్: సీఆర్పీ 10 నుంచి 15 ఏళ్ల కట్టుబాటు. మధ్యలో వదిలేస్తే తీసుకున్నదంతా వడ్డీతో కట్టాలి, పైగా జరిమానా. గోధుమ ధర ఎగబాకిన ఏడాది ఇదే టెన్షన్. ఊరికీ దెబ్బే: సాగు తగ్గితే విత్తనాల కొట్టుకు, ధాన్యం కొనేవారికి బేరం పడిపోతుంది. అందుకే కౌంటీ సాగుభూమిలో సాధారణంగా 25 శాతానికి మించి చేర్చుకోరు. ఈ పరిమితి ఉండాల్సిందే అంటాను.

కోతకు గురయ్యే మెరక చేను, వయసు మీదపడ్డ యజమాని అయితే సీఆర్పీ. పశువులు, అప్పులు, ముందు పెట్టుబడికి కాస్త వెసులుబాటు ఉన్న యువరైతు అయితే ఈక్విప్.