బాపు బుల్లెట్‌కి తీసుకున్న బైక్ డాలీ, 8 నెలలు వాడినంక

ముందే చెప్త, డాలీ (బండిని పైన నిలబెట్టి ఎటంటే అటు తోసుకునే చిన్న చక్రాల ఇనుప పీట) మంచిగనే ఉంది, కొనుక్కోవచ్చు, కానీ దాంతోని వచ్చే చక్రాలు మాత్రం పీకేసి వేరేవి వేయించుకున్నంకనే టైల్స్ మీద పెట్టుండ్రి. నేను అట్ల చేయలేదు, అందుకే ఇంత పొడుగు రాస్తున్న.

మాది మల్కాజిగిరి. పాత ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇస్తే పోయిన ఏడు కొత్త బిల్డింగ్ అయింది. కింద పార్కింగ్ల మా వాటాకి ఒక మూల షట్టర్ పెట్టించుకున్నం, చిన్న రూమ్ లెక్క. అందుల మందంగ ఉండే పార్కింగ్ టైల్స్ వేయించుకోండ్రి అని మేస్త్రీ చెప్పిండు, అమ్మ వినలే, తెల్లగ మెరిసే 2 బై 2 విట్రిఫైడే కావాలన్నది. ఆ రూమ్ బాపు బుల్లెట్ కోసం. 1986 బండి, గేర్ కుడి కాలికి, బ్రేక్ ఎడమ కాలికి ఉండే పాతది, బాపు రోజూ దానిమీదనే బాలానగర్ ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీల డ్యూటీకి పోయేటోడు. ఇల్లు కట్టిన రెండేండ్లు చిన్నమ్మోళ్ల ఇంట్ల రేకుల కింద పెడితే వెనక డ్రమ్ తుప్పు పట్టి చక్రం జామ్ అయింది, తోస్తే కదలదు, ఈడ్వాలె.

మిన్నెసోటాల ఉండే మా బావ ఇది విని వాళ్ల గ్యారేజీ వీడియో పంపిండు. అక్కడ మంచు మీద నడిపే స్నోమొబైల్ ఉంటది, గుల్మార్గ్ పోయినోళ్లు ఎక్కే ఉంటరు, ముందు రెండు స్కీలు, వెనక రబ్బర్ ట్రాక్, బరువు 200 కిలోల పైమాటనే. మలుపుల మంచుని కరిచి పట్టాలె కాబట్టి స్కీల కింద కార్బైడ్ అనే చాలా గట్టి పదార్థం పెట్టిన రాడ్లు ఉంటయి. అదే కార్బైడ్‌ని గ్యారేజీల ఈడిస్తే కాంక్రీట్ మీద గాడి పడతది, ఎపాక్సీ పూత కొట్టించుకున్న ఫ్లోర్ అయితే పొర లేచిపోతది. అందుకని మూడు చిన్న చిన్న డాలీలు పెడతరు, ఒక్కో స్కీ కింద ఒకటి, ట్రాక్ కింద ఒకటి, ఇగ ఒక్క మనిషే మొత్తం బండిని ఎటంటే అటు తిప్పుతడు. "చక్రం తప్ప ఏదీ నేలకి తాకొద్దు రా" అన్నడు బావ. ఏ చక్రమో ఇద్దరం ఆలోచించలే.

ఆన్‌లైన్ల డబుల్ స్టాండ్ మీద బండిని నిలబెట్టే డాలీ ఒకటి 4,300కి తీసుకున్న. ఇనుము మంచి గట్టిది, వెల్డింగ్ నీట్‌గ ఉంది, ఇప్పటిదాకా ఎక్కడా వంగలే. బుల్లెట్‌ని ట్రాలీ ఆటోల తెచ్చి షట్టర్ ముందల దింపి, నలుగురం లేపి డాలీ మీద పెట్టినం. లోపటికి సీదా పోయేదాకా ఏం కాలే. గోడ వైపు తిప్పంగనే కర్‌మని సౌండ్, మళ్ల టక్ అని ఇంకోటి. తీసి చూస్తే జానెడు పొడుగు తెల్ల గీత, వంపు తిరిగి, పక్క టైల్ మూల పగులు. పొద్దుగాల షట్టర్ లేపి ఎండ పడితే ఆ గీత ఇప్పటికీ కొట్టొచ్చినట్టు కనపడతది. అమ్మ ఒక్క మాట అనలే, అదే ఎక్కువ బాధయింది.

బరువు ఎక్కువైంది అనుకున్న గానీ అది కాదు. కారు బుల్లెట్‌కి ఐదారు రెట్లు ఉంటది, అయినా టైర్ మెత్తగ అరచేయంత జాగల ఆనుతది. ఈ డాలీకి ఇచ్చినయి 2 ఇంచుల నైలాన్ చక్రాలు, రాయి లెక్క గట్టివి, గోరంత జాగల మొత్తం బరువు దిగుతది, పైగా ఉన్నకాడనే గిర్రున తిరిగితయి. కింద ఒక్క ఇసుక రేణువు ఉన్నా అదే ఉలి. పగిలిన టైల్‌ని రూపాయి బిళ్లతోని కొట్టి చూస్తే డొల్ల సౌండ్, కింద మాల్ సరిగ్గ నింపలే. మీరు ఏ బరువు పెట్టేముందైనా రూమ్ మొత్తం అట్ల కొట్టి చూడుండ్రి, డొల్లగ మోగిన టైల్ మీదికెళ్లి తీస్కపోవద్దు.

తెల్లారి ఒక చక్రం జేబుల వేసుకుని రాణిగంజ్ పోయిన. ఒక షాపాయన మూడు రకాలు కౌంటర్ మీద పెట్టి గోరు గుచ్చి చూపిచ్చిండు, నైలాన్‌కి గోరు దిగదు, నల్ల రబ్బర్‌కి దిగుతది కానీ ఒక్కకాడనే నిలబడితే తెల్ల టైల్ మీద మరక పడతది, పీయూ (పాలీయురేథేన్, రబ్బర్ లెక్క ఉండే ప్లాస్టిక్) చక్రం కొంచెం లోపటికి పోయి మళ్ల లేస్తది. 3 ఇంచుల పీయూ చక్రాలు, ఒక్కోటి 260, ఐదు తీసుకున్న, రెండిటికి బ్రేక్ ఉంది. బోల్ట్ హోల్స్ కలవలే, వెల్డింగాయన 150 తీసుకుని కొత్త హోల్స్ కొట్టిచ్చిండు. పెద్ద చక్రం కాబట్టి టైల్ జాయింట్ల ఇరుకుతలేదు, ఆ తేడా తోయంగనే చేతికి తెలుస్తది.

రెండోసారి ముందు ఊడ్చి, తడిబట్ట పెట్టి, 12 ఎంఎం ప్లైవుడ్ రెండు ముక్కలు పరిచి దానిమీద తిప్పినం, ఒక్క గీత పడలే. ఇప్పుడు ప్లైవుడ్ లేకుండనే తిప్పుతున్న, ఊడుచుడు మాత్రం ఆపలే.

డాలీల నచ్చనియి కూడా ఉన్నయి. స్టాండ్ ఆనే ప్లేట్ నున్నగ ఉంటది, జారుతది, నేను పాత రబ్బర్ మ్యాట్ కోసి అంటిచ్చిన. ఎక్కించుడు ఒక్కరితోని కాదు, ఇద్దరు ఉండాలె, బ్రేకులు ముందే వేసి పెట్టాలె. ర్యాంప్ మీద, వాలు మీద అస్సలు వాడొద్దు. తిప్పేటప్పుడు హ్యాండిల్ పట్టుకుని లాగకుండ్రి, సీట్ కింద పట్టుకుని మెల్లగ తోయండ్రి.

తర్వాత మెకానిక్ భాయ్ వచ్చి డ్రమ్ విప్పి చక్రం ఫ్రీ చేసిండు, అయినా డాలీ తీసేయలే, ఆ ఇరుకు రూమ్ల బుల్లెట్‌ని గోడకి ఆనించి పెట్టాలంటే వేరే దారి లేదు. మొన్న అమ్మ ఊడ్చేటప్పుడు బ్రేకులు కాలితోని లేపి ఒక్కతే బండిని పక్కకి తిప్పుకుంది, 64 ఏండ్ల మనిషి. పగిలిన టైల్ అట్లనే ఉంది, ఆ డిజైన్ ఇప్పుడు ఎక్కడా దొరుకుతలేదు.